నావికుల చలచ్చిత్ర యాత్రాచరిత్రములు

యాత్ర చేయుట యొక విద్య. చేసిన యాత్రను లోకమునకు చెప్పుట వేరొక విద్య. మొదటిదానియందు ఆరితేరినవాడు రెండవదానియందు తడబడుటయు, రెండవదానియందు ప్రవీణుడైనవాడు మొదటిదానిని గోరంతనుండి కొండంత చేయుటయు తరచుగా చూచుచున్నాము. సముద్రయాత్ర విషయమున నీ చిక్కు మరింత హెచ్చు. నడిసంద్రమున సాక్షి యుండడు; నావికుడు చెప్పినదే చరిత్ర. కావున నతని మాటకు సత్యమే లంగరు. అది తెగినచో మిగిలిన సొగసెల్ల కొట్టుకొనిపోవును.

ఇపుడీ చెప్పు విద్యకు క్రొత్త సాధనమొకటి లభించినది. చిన్న తెరచాప పడవలలో మహాసముద్రములు దాటు స్త్రీపురుషులు తమ దినచర్యను కెమెరాతో పట్టి, ఇరువది ముప్పది నిమిషముల ఖండములుగా కూర్చి, యూట్యూబు మూలమున ఒకదానివెనుక నొకటిగా లోకమునకు పంపుచున్నారు. 2009లో అమెరికాలోని సియాటిల్ రేవు విడిచిన ‘డెలోస్’ పడవవారును, 2014లో ఆరంభించిన ‘లా వాగబాండ్’ పడవపై నుండు ఆస్ట్రేలియా దేశపు జంటయు ఈ మార్గమున పేరొందినవారు. ఈ జంట వీడియోలకు చందాదారులుగా చేరినవారు పదిలక్షలకు మించిరి. ఒక గ్రంథమునకు పదివేలమంది చదువరులు దొరకుటయే భాగ్యమని యెంచు మనము, ఇంతటి వ్యాప్తిగల రచనను వినోదమాత్రమని త్రోసిపుచ్చుట తగదు. దానిని యాత్రాచరిత్రముగనే గైకొని గుణదోషములు విచారించుట విమర్శకుని విధి.

ఖండములుగా పంపు పద్ధతి క్రొత్తది గాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో మరలివచ్చువరకు త్రోవలో చూచినదెల్ల వ్రాసి తమ మిత్రులగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి పంపుచుండిరి. ఆ మిత్రులే దానిని 1838లో అచ్చొత్తించిరి. ఒంటరిగా భూమిని పడవపై చుట్టివచ్చిన మొదటివాడు జాషువా స్లోకమ్. అతడు 1895లో బోస్టన్ నుండి ‘స్ప్రే’ అను పడవలో బయలుదేరి 1898లో తిరిగివచ్చి, తన చరిత్రమును ముందు మాసపత్రికలో భాగములుగను, 1900లో గ్రంథముగను ప్రకటించెను. వీరాస్వామయ్యగారి గ్రంథము నేటికిని నిలిచియుండుటకు కారణమేమి? మజిలీకిని మజిలీకిని నడుమ దారి యెట్టిది, నీరు దొరకునా, సరకులు లభించునా, ఆ యూరివారి బ్రతుకెట్టిదియని తరువాతి బాటసారికి పనికివచ్చునట్లు చెప్పుటయే. స్లోకమ్ పాడుపడియున్న పడవను తన చేతులతో పునర్నిర్మించిన సంగతి ముందుగా చెప్పి, ఆ పిమ్మటనే సముద్రములోనికి దిగెను. ఈ యిరువురివలన మనకొక కొలబద్ద యేర్పడుచున్నది. తరువాతివానికి అక్కరకువచ్చు ఎరుక, యాత్రకు మూలధనమైన శ్రమ, చూచినదానియెడ నిజాయితి: ఈ మూటితో క్రొత్తవారిని కొలిచిచూతము.

శ్రమను చూపుటయందు చలచ్చిత్రము గ్రంథమును మించినదని ఒప్పుకొనవలెను. ‘టాలీ హో’ అను కొయ్యపడవ కథ యిందుకు నిదర్శనము. అది 1910లో ఇంగ్లండులో నిర్మింపబడినది. 1927 నాటి ఫాస్ట్‌నెట్ పందెమున తుపాను చెలరేగి తక్కిన పడవలు వెనుదిరుగగా, గమ్యము చేరిన రెంటిలో నిదియొకటియై గెలుపొందెను. కాలక్రమమున శిథిలమై అమెరికా పడమటి తీరమున నొక రేవులో పడియుండెను. 2017లో లియో గూల్డెన్ అను ఆంగ్లయువకుడు దానిని ఒక్క పౌనుకు కొని, దూలము దూలము మార్చి, పలక పలక చెక్కి, 2024లో మరల నీటిలోనికి దింపెను. ఈ యేడేండ్ల పనిని అతడు వీడియోలుగా ప్రకటించెను. ఒక కొయ్యను రెండవదానితో నెట్లు కీలించుట, సందులలో దూది నెట్లు కూరుట, తప్పుగా కోసిన చెక్క నెట్లు సరిదిద్దుట, ఇవియెల్ల కంటికి కట్టినట్లు చూపెను. పుస్తకమున నూరు పుటలు చదివినను బోధపడని పని, పనివాని చేతిని రెండు నిమిషములు చూచినచో బోధపడును. సముద్రముపై నడుగిడని యేండ్లన్నిటిని లక్షలమంది ఓపికతో చూచిరి. జనులు శ్రమను చూడ నొల్లరనియు, వారికి వినోదమే కావలెననియు వాదించువారికి ఇది చాలినంత సమాధానము.

ఇక దోషములు. మొదటిది కాలమును మ్రింగుట. కానరీ ద్వీపములనుండి కరీబియన్ ద్వీపములకు వాణిజ్యపవనముల వెంట పోవు దారి సుమారు 2,700 నాటికల్ మైళ్లు. గంటకు ఐదారు మైళ్లు సాగు పడవకు ఇది యించుమించు మూడువారముల పని. అనగా నైదువందల గంటలు. రాత్రి జాములు పంచుకొని కావలికాయుట, అరకొర నిద్ర, ఎడతెగని ఊపు, ఒకే ముఖమును చూచిచూచి పుట్టు విసుగు, ఇదియే యా యాత్రయొక్క స్వరూపము. వీడియోలో నిది యిరువదియైదు నిమిషములై, అందు సగము సూర్యాస్తమయములును డాల్ఫినులును అగును. గాలివాన ముదిరినపుడు నావికుని రెండు చేతులును పనిలోనుండును. కెమెరా పట్టువాడు లేడు. పట్టినను మనిషెత్తు కెరటము తెరపై చదునై కనబడును. ఇట్లు భయము జారిపోయి సౌఖ్యమే నిలుచును. ఎవ్వరును అబద్ధమాడకయే ఒక అబద్ధము తయారగును. దానిని నమ్మి ఇల్లమ్ముకొని పడవ కొను యువజనులకు, తెరపై రానిదంతయు సముద్రముమీదనే తొలిసారి యెదురగును.

కాలమును కుదించుట తప్పనిసరియైనను, ఆ కుదింపును దాచకుండుట సాధ్యమే. జెఫ్ అను సరకుఓడ నావికుడు 2017లో ప్రకటించిన పదినిమిషముల వీడియో యొకటి కలదు. ఎఱ్ఱసముద్రమునుండి కొలంబో, సింగపూరుల మీదుగా హాంకాంగు వరకు ముప్పదిదినముల యాత్రను వేలకొలది నిశ్చలచిత్రములు వరుసగా కూర్చి చేసినదది. అందు వ్యాఖ్యానము లేదు, నాయకుడు లేడు. పెట్టెలు పేర్చిన ఓడముక్కు, దాని ముందు తిరుగు నక్షత్రములు, దూరమున మెరయు మెరుపులు, రేవున పగలురేయి దింపి యెక్కింపబడు సరకు, ఇంతే. చూచుచున్నది వేగముగా త్రిప్పిన కాలమని ప్రేక్షకునకు ప్రతిక్షణము తెలియుచునే యుండును. నిజాయితి గల కుదింపనగా నిట్టిది.

రెండవ దోషము ధనమునుండి పుట్టునది. యాత్రికులకు ధన మక్కరలేదని యెవ్వరనగలరు? పూర్వము రాజులిచ్చిరి, కంపెనీలిచ్చినవి. నేడు ప్రేక్షకులు ఖండమున కింతయని యిచ్చుచున్నారు. ఇది యొకవిధముగా మేలు; ప్రభువు నొక్కని మెప్పించుట తప్పినది. కాని ప్రతివారమును ఏదో యొకటి జరిగితీరవలెనను నిర్బంధ మేర్పడినది. సముద్రమున ఏమియు జరుగకుండుటయే నావికుని కోరిక. ఏదో యొకటి జరుగుటయే ప్రేక్షకుని కోరిక. ఈ రెంటి నడుమ నలిగినవాడు చిన్న లోపమునకు పెనుప్రమాదమని పేరుపెట్టి, భీతిచెందిన మొగముతో ముఖచిత్రము వేయును. నేడు ఇది చిల్లర దోషముగా కనబడవచ్చును; కాని దీని తుద యెట్లుండునో చరిత్ర చెప్పుచున్నది.

1968లో లండను సండే టైమ్స్ పత్రిక, ఆగకుండ ఒంటరిగా భూమిని చుట్టివచ్చు పందెము నేర్పరచెను. బయలుదేరిన తొమ్మండ్రలో డొనాల్డ్ క్రౌహర్‌స్ట్ అనునతడొకడు. అతనికి బి.బి.సి. సంస్థ కెమెరాను, మాటలు పట్టు యంత్రమును ఇచ్చెను. పందెము విడిచినచో పెట్టుబడి పెట్టినవాని ధనము తానే తిరిగి చెల్లింపవలసిన ఒడంబడిక అతని మెడకు చుట్టుకొని యుండెను. పడవ యా యాత్రకు తాళదని గ్రహించియు మరలిరాలేక, దక్షిణ అట్లాంటిక్ సముద్రముననే తిరుగుచు, భూమిని చుట్టుచున్నట్లు తప్పుడు వార్తలు పంపెను. 1969 జూలై 10వ తేదీన అతని పడవ మనిషి లేకుండ కనబడెను. అదే పందెమున బెర్నార్డ్ మొయితెస్సియె అను ఫ్రెంచివాడు కేప్ హార్న్ దాటియు, గెలుపును కీర్తిని వలదనుకొని, దారిమార్చి తాహితి ద్వీపమునకు పోయెను. బొంబాయిలో టేకుతో కట్టిన ‘సుహైలి’ పడవపై 312 దినములలో తిరిగివచ్చి పందెము ముగించినవాడు రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఒక్కడే. ఆతడు తనకు వచ్చిన ఐదువేల పౌనులను క్రౌహర్‌స్ట్ కుటుంబమున కిచ్చివేసెను. చూచువారికి బాకీపడినవాడొకడు, చూచువారిని విడిచినవాడొకడు, పని ముగించుకొని ఇంటికి వచ్చినవాడొకడు. నేటి పడవవారందరును ఈ మువ్వురిలో నెవరినో యొకరిని పోలియుందురు.

బాకీ యున్నను నిజము చెప్పవచ్చుననుటకు ‘లా వాగబాండ్’ వారే యుదాహరణము. 2019లో వారు స్వీడన్ బాలిక గ్రేటా థున్‌బెర్గ్‌ను అమెరికానుండి లిస్బన్‌కు చేర్చిరి. ఆ ఋతువున ఉత్తర అట్లాంటిక్ సముద్రము దాటుట కష్టమని యెరిగి, నికీ హెండర్సన్ అను అనుభవశాలినియగు నావికురాలిని తోడు తెచ్చుకొనిరి. ఆ సంగతిని దాచక చెప్పిరి. తమకంటె నెక్కువ తెలిసినవారు పడవలో నున్నారని లక్షలమంది యెదుట ఒప్పుకొనుట కంటె ఉపయోగకరమైన పాఠము మరి యేమున్నది?

మూడవ దోషము మనుష్యులను అలంకారములుగా చేయుట. స్త్రీ చుక్కాని పట్టిన దృశ్యము పడవలో నుండగా, ముఖచిత్రముపై ఆమె దేహమే యుండుట ఎన్ని వీడియోలలో చూడము? 2023లో ముగిసిన గోల్డెన్ గ్లోబ్ పందెమున కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్ అను దక్షిణాఫ్రికా వనిత పురుషులందరిని మించి ప్రథమురాలయ్యెను. దారిలో పడవ మునిగిన పోటీదారు నొకనిని రక్షించి మరల ముందునకు సాగెను. మన అభిలాష్ టోమీ ద్వితీయుడు. స్త్రీలకు సముద్రమున తగిన స్థానమేదో ఆమె చేసిచూపినపిమ్మట, ఇంకను వారిని పడవముక్కున కూర్చుండబెట్టి చూపుట సిగ్గుచేటు. ద్వీపవాసుల గతియు నట్లే. వారు నవ్వుదురు, చేపలిత్తురు, నృత్యము చేయుదురు. వారి పేరేమో, బడి యెంతదూరమో, మంచినీరెక్కడనుండి వచ్చునో ప్రేక్షకునకు తెలియదు. వీరాస్వామయ్యగారు ఒక రాత్రి మజిలీచేసిన యూరినిగూర్చి చెప్పినంతయైనను, నెలరోజులు లంగరువేసినవారు చెప్పకపోవుట శోచనీయము.

సముద్రముపై నున్నవారందరును విహారమునకు పోయినవారు గారు. మన యింటి నూనెయు నూలును యంత్రములును మోయు ఓడలపై లక్షలమంది కూలికి బ్రతుకుచున్నారు. 2020లో మహమ్మారి వలన రేవులు మూతపడగా, ఒప్పందకాలము తీరియు దిగుటకు వీలులేక ఓడలపై చిక్కుకొన్నవారు సుమారు నాలుగు లక్షలని అంతర్జాతీయ సంస్థలు లెక్కగట్టినవి. ఆ నావికులలో కొందరు ఇపుడు తమ కెమెరాతో తామే మాటలాడుచున్నారు. ఫిలిప్పీన్స్ దేశీయుడైన ఒక ప్రధాన ఇంజనీరు, చీఫ్ మకోయ్ అను పేర, ఇంజనుగది వేడిమిని, మరమ్మతులను, భోజనశాలను వేలమందికి పరిచయము చేసెను. విహారనౌకల వీడియోలకంటె వీనియందు సొగసు తక్కువ. అయినను విలువ యెక్కువ. ఏలయన నింతకాలము సముద్రచరిత్ర యజమానులదియు సేనానులదియు మాత్రమే. ఒకప్పుడు మన కోరంగి రేవునుండి ఓడయెక్కి మారిషస్ చేరిన తెలుగు కూలీలకు ఆ రేవు పేరే మిగిలినది. అచ్చట వారిని కోరంగీలనిరి. వారు ఓడలో నేమి తినిరో, ఎవరు చనిపోయిరో, తీరము కనబడినపు డేమనుకొనిరో వారి నోట మనము వినలేదు. ఆనాడు వారిచేత నిట్టి సాధన మున్నయెడల మన చరిత్ర వేరుగా నుండెడిది.

మనవారి సంగతి యింతటితో ముగియలేదు. 2017 సెప్టెంబరులో గోవానుండి బయలుదేరి, 2018 మే 21వ తేదీన భూమిని చుట్టివచ్చిన నౌకాదళపు ‘తారిణి’ పడవలోని ఆరుగురు వనితలలో విశాఖపట్టణమునకు చెందిన స్వాతియు, హైదరాబాదునకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్యయు నుండిరి. సముద్రయానము పాతకమని బోధాయన ధర్మసూత్రము శాసించిన దేశమున, స్త్రీకి గడపయే యెల్లయని నమ్మిన సంఘమున, ఇది సామాన్యకార్యము గాదు. అటులే, వేటకుపోవు మన తీరపు యువకులు కొందరు వలలను, పడవలను, చేపల జాతులను చూపుచు తెలుగున వీడియోలు చేయుచున్నారు. గంగపుత్రుల భాషలోని గాలుల పేర్లు, కెరటముల పేర్లు, నీటి వన్నెల పేర్లు మన నిఘంటువులలో కొన్నియే కలవు. ఆ మాటలు ముందుగా నీ వీడియోలలో వినబడుట వింత గాదు. పండితులు వానిని చెవియొగ్గి విని వ్రాసికొనుట లాభము.

కావున చలచ్చిత్రములు చేయు నావికులను మనము కోరవలసినవి స్వల్పములు. యాత్రకు ధనమెవరిచ్చిరో చెప్పుడు. కెమెరా ఆగిన గంటలలో నేమి జరిగెనో నోటితోనైనను చెప్పుడు. తోడువచ్చినవారి పనిని, దిగిన యూరివారి పేరును మరువకుడు. ప్రేక్షకులు కోరవలసినదియు నొకటి కలదు: ప్రమాదము కొరకు ఎదురుచూడకుడు. ప్రతి ఖండమునను తుపాను కోరువాడు, తెలియకయే, ఒక పడవను తుపానులోనికి త్రోయుచున్నాడు. క్షేమముగా గడచిన వారము విసుగుపుట్టించినను దానినే మెచ్చుకొను ప్రేక్షకులున్ననాడు, నావికునకు నిజము చెప్పుట సులభమగును.