కారణం లేని భయమా?

సీలేరు కొండల్లో మేకలు కాసేవాళ్లను కాసేపు గమనించండి. మిట్టమధ్యాహ్నం మంద నీడన పడుకుని నెమరేస్తుంటుంది. ఉన్నట్టుండి ఒక మేక చెవులు నిక్కించి లేస్తుంది. మరుక్షణం మందంతా పల్లానికి పరుగు! కాపరి మాత్రం వెంటపడడు. నిలబడ్డచోటి నుంచే రోజూ వేసే కూత వేస్తాడు. ఆ గొంతు విని ముసలి మేక ఒకటి ఆగిందా, తక్కినవీ ఆగుతాయి. ఎందుకు బెదిరాయంటే, మనకు తగలని వాసనేదో వాటికి తగిలుంటుందంటాడు.

గ్రీకులైతే ఇలాంటి బెదురుకు ఒక దేవుణ్ణే పెట్టుకున్నారు. పేరు పాన్. ఆర్కేడియా కొండల్లో కాపరుల దేవుడు, మేక కాళ్లు, మేక కొమ్ములు. మధ్యాహ్నం పూట అతను పడుకుంటాడు కాబట్టి ఆ వేళ పిల్లనగ్రోవి ఊదడానికి కాపరులు జంకేవారు. అడవిలో ఊరికే గుండె ఝల్లుమంటే అతని పనే అనుకునేవారు. ఇంగ్లిషు వాళ్ల ‘ప్యానిక్’ ఆ పేరులోంచే, ఫ్రెంచి మీదుగా వచ్చింది.

సైన్యాలకూ ఈ బెదురు తప్పలేదు. క్రీ.పూ. 401లో పర్షియా రాజ్యంలో చిక్కుకున్న గ్రీకు సైనికుల విడిదిలో ఒక రాత్రి గగ్గోలు పుట్టింది. సేనాని క్లియార్కస్ చాటింపు వేయించాడు: ఆయుధాల మధ్యకు గాడిదను వదిలినవాణ్ణి పట్టిస్తే ఒక టాలెంట్ వెండి బహుమానం! అంతే, తమ భయం ఉత్తదేనని గ్రహించి అందరూ తేరుకున్నారు. ఆ సైన్యంలోనే ఉన్న జెనోఫన్ రాసిన సంగతి ఇది. ఈ ఎత్తు నాకు భలే ఇష్టం.

కానీ అన్ని భయాలకూ గాడిద కథ చెల్లదు. 1922 సెప్టెంబర్ 24న మా గూడెం కొత్తవీధి వైపు, దామనపల్లి ఘాటులో అల్లూరి సీతారామరాజు దళం పొంచి ఉంది. ముందు నడిచిన దేశీ పోలీసులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులను కాల్చి చంపింది. ఆ తర్వాత ఈ అడవిలో ఆకు కదిలినా దొరలు ఉలిక్కిపడి ఉంటే, అందులో పాన్ ప్రమేయమేమీ లేదు.

గుంపుల భయం సంగతీ అంతే. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కరఘాట్ తొక్కిసలాటలో 27 మంది పోయారు. ఇలాంటివి జరిగినప్పుడల్లా ‘జనం భయపడి పరుగులు తీశారు’ అనే మాట వినిపిస్తుంది. నిజానికి తొక్కిసలాటల్లో ఎక్కువమంది చనిపోయేది పరుగు వల్ల కాదు, కదిలే చోటు లేక, ఒత్తిడికి ఊపిరాడక. ఈసారి ఎవరైనా ఆ మాటంటే, దారి వెడల్పెంత, గేటు ఎవరు మూశారు, ఎంతసేపు ఆపారు అని అడగండి.