చిత్తుకాగితం పంపండి

రాత్రి పదిన్నర దాటాక నా వాట్సాప్‌కు లెక్కలు వస్తుంటాయి. పంపేవాళ్లంతా దూరవిద్యలో బీఎస్సీ చదివేవాళ్లే. ఒకరు మెడికల్ షాపు కట్టేశాక, ఇంకొకరు పిల్లల్ని పడుకోబెట్టాక పుస్తకం తీస్తారు. స్టడీ సెంటర్‌లో ఆదివారం క్లాసు దాకా ఆగమంటే అడగాలన్న ఉత్సాహమే చల్లారిపోతుంది.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడది అంబేడ్కర్ పేరుతో నడుస్తోంది. అలాంటి చోట చరిత్రో, రాజనీతిశాస్త్రమో తీసుకున్నవాళ్లు మంచి పుస్తకం ఉంటే చాలావరకు సొంతంగా నెట్టుకురాగలరు. లెక్కలు అలా కాదు. ఒక్క లైను దగ్గర చిక్కుకుంటే తర్వాతి పేజీలేవీ కొరుకుడు పడవు.

మొన్న ఒకావిడ అడిగారు: "సార్, ఎక్స్ 3ను సమీపించినప్పుడు 2ఎక్స్+1 అవధి 7 అని నిరూపించాలి. పుస్తకంలో మొదటి లైనులోనే డెల్టాను ఎప్సిలాన్‌లో సగం తీసుకోమన్నారు. ఆ సగం ఎక్కణ్నుంచి వచ్చింది?"

అడగాల్సిన ప్రశ్నే అది. (ఎప్సిలాన్ అంటే 2ఎక్స్+1కూ 7కూ మధ్య ఉండనిచ్చే తేడా; డెల్టా అంటే అందుకోసం ఎక్స్‌కూ 3కూ మధ్య ఉండనిచ్చే తేడా.) పుస్తకం చిత్తు లెక్క చెరిపేసి, నిరూపణ మాత్రమే అచ్చేస్తుంది. క్లాసులో అయితే ఆ చిత్తు బోర్డు మీద ఓ మూల కనిపిస్తుంది.

నేను జవాబు రాయలేదు. "2ఎక్స్+1లోంచి 7 తీసేస్తే ఏం మిగులుతుందమ్మా?" అన్నాను.

"2ఎక్స్ మైనస్ 6."

"ఎక్స్‌కీ 3కీ ఉన్న తేడాకు అది ఎన్ని రెట్లు?"

కాసేపు మౌనం. తర్వాత మెసేజ్ వచ్చింది: "రెండు రెట్లు. అది ఎప్సిలాన్ లోపు ఉండాలంటే ఆ తేడా సగం లోపే ఉండాలి. తెలిసింది సార్!"

మొత్తం సాధన రాసి ఫొటో పంపడం నాకు రెండు నిమిషాల పని. కానీ పరీక్షలో 2ఎక్స్ బదులు 5ఎక్స్ ఇస్తే ఆమె కథ మళ్లీ మొదటికొచ్చేది. సాయం మరీ ఎక్కువైతే విద్యార్థికి చేయడానికేమీ మిగలదని, మరీ తక్కువైతే ముందుకు కదలడని గణితవేత్త జార్జ్ పోల్యా 1945లో వచ్చిన తన పుస్తకం ‘హౌ టు సాల్వ్ ఇట్’లో హెచ్చరించాడు. ఎదురుగా ఉంటే ముఖం చూసి ఆ పాళ్లు పట్టుకోవచ్చు. దూరాన ఉన్నవాళ్ల విషయంలో నాకు ఆధారం వాళ్లు రాసిన కాగితమే.

అందుకే దూరవిద్య విద్యార్థులకు నా మాట: పుస్తకం పేజీ ఫొటో తీసి "ఈ లెక్క రావట్లేదు" అనకండి. కొట్టివేతలతో సహా మీ చిత్తుకాగితం పంపండి. తోటి మాస్టార్లకూ ఒక మనవి: ఆగిపోయిన లైను పక్కన ఒక్క ప్రశ్న రాయండి. మిగతాది వాళ్లనే రాయనివ్వండి.