రేవు లేని చోటికి చేరే విద్య

మన నౌకాదళం బియ్యం, మందులు ఎక్కించుకుని పరాయి తీరాలకు బయల్దేరితే కోనసీమవాళ్లు అడగదగ్గ ప్రశ్న ఒకటుంది: గోదావరి పొంగి మన లంకలే మునుగుతుంటే పొరుగుదేశానికి పరుగెందుకు? 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయి, కొబ్బరితోటలు నేలకూలిన సీమ ఇది. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసిపారేయలేం. అయితే లంకల్లో వరదకు కావలసింది లోతులేని నీళ్లలో తిరిగే పడవలు. యుద్ధనౌకను ఆపినంతమాత్రాన అవి రావు. తుపాను, సునామీల సంగతి వేరు. అప్పుడు రేవులు పాడవుతాయి, అడుగున లోతులు మారిపోతాయి, పాత పటాన్ని నమ్మి ఓడ నడపలేరు. రేవు లేని చోట ఒడ్డు చేరడం ఒక విద్య. అది పని మీదే పట్టుబడుతుంది. విశాఖలో ఉండే జలాశ్వనే చూడండి. 2007లో దళంలో చేరిన ఆ ఓడ కడుపులోకి నీళ్లు వదిలితే లోపలి పడవలు తేలి, వెనక తలుపు గుండా బయటికొచ్చి, సరుకుతో నేరుగా ఇసుక మీదికే వెళ్తాయి. అంతర్వేది ఒడ్డుకు పనికొచ్చేదీ ఆ నేర్పే. పైగా 2004 సునామీలో మన నౌకాదళం అండమాన్, తమిళనాడులకు సాయపడుతూనే శ్రీలంక, మాల్దీవులకూ వెళ్లింది. సర్వే ఓడ నిరూపక్‌ను ఆసుపత్రిగా మార్చి ఇండోనేషియాకు పంపింది. బయటికి వెళ్లి ఇంటిని వదిలేసిందనడానికి అక్కడ ఆధారం లేదు.

ఇదంతా దౌత్యం కోసమే కదా అంటారు కొందరు. దౌత్యం ఉంది, దాచాల్సిన పనిలేదు. 2008 మే నెలలో నర్గీస్ తుపాను మయన్మార్‌లోని ఐరావతి డెల్టాను ముంచింది. మనలాగే వరిమీద బతికే ఆ డెల్టాలో చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిసి లక్షమందికి పైనే. అమెరికా, ఫ్రాన్స్ ఓడలు సరుకుతో తీరం బయట కాచుకుని ఉన్నా అక్కడి సైనిక ప్రభుత్వం రానివ్వలేదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి వెళ్లిన మన నౌకలు రాణా, కిర్పాణ్ మాత్రం యాంగన్ చేరాయి. ముందునుంచీ ఉన్న సంబంధమే ఆ తలుపు తీసింది. దించిన సరుకు చివరి గుడిసెదాకా అందిందా అన్న సందేహం న్యాయమైనదే, ఓడ నాయకుడి చేతిలో అది లేదు. అసలు వెళ్లకపోతే ఆ సందేహానికి కూడా చోటుండేది కాదు.

మనం గట్టిగా అడగాల్సింది మరొకటి. 2019 నవంబరులో భారత్, అమెరికా దళాలు విపత్తు సాయం మీద ఉమ్మడి కసరత్తు చేసి, కాకినాడ తీరంలో దిగాయి. అలాంటి సాధన గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట్లకూ రావాలి. మన మత్స్యకారులను అందులో కలుపుకోవాలి. ఈ ఏడు ఏ ఇసుకమేట ఎటు జరిగిందో ముందుగా తెలిసేది వాళ్లకే.