జాషువా విశ్వాసం: ఓర్పా, నిలదీతా?

కష్టాల్లో క్రైస్తవ విశ్వాసాన్ని నిలుపుకోవడమంటే నోరు మూసుకుని భరించడమేనని మన అభ్యుదయ విమర్శకుల్లో కొందరి అభిప్రాయం. మతం మత్తుమందన్న మాటను జపంలా వల్లించేవారికి (నేనూ కొన్నాళ్లు వల్లించాను) జాషువా ఒకంతట కొరుకుడుపడడు.

‘గబ్బిలం’ (1941)లో గుడి గడప తొక్కనివ్వని మనిషి, ఆ గుడిలోనే నిక్షేపంగా వేలాడే గబ్బిలంతో కాశీలోని శివుడికి మొర పంపుతాడు. క్రైస్తవకవి శివుడికి కబురంపడమేమిటని విద్యార్థులు అడుగుతుంటారు. తలుపు మూసిన ఇంటివాడినే కదా అడగాలి! పైగా దేవుణ్ణి అడగడం విశ్వాసానికి విరుద్ధం కాదు. సిలువ మీద క్రీస్తే తన తండ్రిని నిలదీసినట్టు సువార్తలు చెబుతున్నాయి. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ‘క్రీస్తు చరిత్ర’లో భక్తి నిండుగా ఉంది గాని, ‘గబ్బిలం’లోని వేడి చల్లబడిందనే నా అభిప్రాయం.

జాషువా తరువాతి తరానికి మరో పరీక్ష ఎదురైంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఆ రెండు సవరణల్లోనూ క్రైస్తవుల ఊసు లేదు. మన రాష్ట్రంలో వారిని బి.సి. ‘సి’ గ్రూపులో పెట్టారు. మతం మారినా వాడ మారలేదు, కూలి మారలేదు.

బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు ‘మతం’ అన్న గడి దగ్గర తడబడే తండ్రుల్ని చూశాను. ఒకాయన చాలాసేపు ఆలోచించి, “ఏం రాస్తే పిల్లోడికి మంచిది, మాస్టారూ?” అన్నాడు. ఆదివారం ఆయన గుడిలో పాట ఎత్తుకునే మనిషి.