ఆకు రాలిన అడవిలో చెట్టును పోల్చుకోవడం

వృక్షశాస్త్ర గ్రంథాలు పువ్వుతో మొదలవుతాయి. రేకులెన్ని, కేసరాలెన్ని, అండాశయం ఎక్కడుంది అని అడుగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో నల్లమలలో ఒక చెట్టు కింద నిలబడితే ఈ ప్రశ్నలకు చాలాసార్లు జవాబు దొరకదు. ఆకు రాలిపోయి ఉంటుంది. పువ్వు ఇంకా పుట్టి ఉండదు, పుట్టినా చేతికందని ఎత్తులో ఉంటుంది. కంటికి ఎదురుగా ఉండేది మాను ఒక్కటే. అడవిలో పుట్టి పెరిగినవాళ్లూ, ఏళ్ల తరబడి బీటు తిరిగిన ఫారెస్టు గార్డులూ బెరడు దగ్గర మొదలుపెట్టేది అందుకే. నా దృష్టిలో మన అడవులకు సరిపోయే పద్ధతి ఇదే.

కొన్ని మానులు దూరం నుంచే తెలిసిపోతాయి. తపసి చెట్టు తెల్లగా, నున్నగా, పలచని పొరలు ఊడుతూ ఎండకు మెరుస్తుంటుంది. ఆకు లేని కొమ్మల చివర అరచేతి వెడల్పు పసుపు పూలుంటే కొండగోగు. నిప్పురంగు పూలు విరగబూస్తే మోదుగ. ఇక్కడిదాకా ఎవరైనా చెప్పగలరు. చిక్కంతా నల్లటి బెరళ్లతోనే. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. తునికి కూడా నల్లగానే పగులుతుంది. శేషాచలం, పాలకొండల వైపు వెళ్తే ఎర్రచందనమూ అంతే. మూడింటినీ పక్కపక్కన పెడితే కొత్తవాళ్లు తేల్చుకోలేరు. అప్పుడు తల పైకెత్తడం మానేసి కింద వెతకాలి. ఐదు పలచని రెక్కలున్న ఎండుకాయ దొరికితే నల్లమద్ది. మధ్యలో గింజ, చుట్టూ గుండ్రటి రెక్క ఉన్న బిళ్లలాంటి కాయ దొరికితే ఎర్రచందనం. మందమైన, తోలులాంటి ఆకులు, కాయ అడుగున అంటుకుని ఉండే ముచ్చిక తునికి ఆనవాళ్లు.

నల్లమద్ది గురించి ఇంకొంచెం చెప్పాలి. 2024 మార్చి చివర్లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది బెరడు మీద గాటు పెడితే నీళ్లు ధారగా దూకాయి. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఎండాకాలంలో ఈ చెట్టు తనలో నీరు దాచుకుంటుందని సిబ్బందికి చెప్పింది అక్కడి గిరిజనులైన కొండరెడ్లు. ఆ నీటికి ఘాటైన వాసన, పులుపు రుచి ఉంటాయి. ప్రతి నల్లమద్దిలోనూ నీరు దొరకదు. ఏ చెట్టుకు గాటు పెట్టాలో తెలియనివాడు అడవిని పాడు చేస్తాడే తప్ప దాహం తీర్చుకోలేడు. చెట్టును పోల్చుకోవడం కాలక్షేపం అనుకునేవాళ్లకు నేను మొదట చెప్పే సంగతి ఇది. ఆ కొండల్లో అది ప్రాణం నిలిపే చదువు.

గాటు పెట్టి లోపలి రంగు, కారే రసం చూడడం పాత పద్ధతి. ఎర్రచందనానికీ, దానికి దగ్గరి చుట్టమైన ఏగిసకూ ఎర్రటి జిగురు కారుతుంది. కాబట్టి ఆ ఒక్క గుర్తుతో రెండింటినీ విడదీయలేం. ఆకు చూడాలి. ఎర్రచందనం ఆకుకు సాధారణంగా మూడే గుండ్రటి పత్రకాలు. ఏగిసకు ఐదారు పైన, కోలగా, కొస దగ్గర చిన్న నొక్కుతో ఉంటాయి. ఇక ఎర్రచందనం అంతరించే ప్రమాదంలో ఉన్న చెట్టు. చూడడం కోసం దాన్ని గాయపరిచే హక్కు మనకు లేదు. రాలిన ఆకు, కాయ చాలు.

చేతిలో ఆకు ఉన్నప్పుడు చేయాల్సిన పరీక్షలు కొన్ని ఎంత సులువో! ఊరి చెరువుగట్టు మీద రావి, గంగరావి రెండింటికీ ఆకు హృదయాకారమే. తొడిమ తుంచితే రావికి పాలు వస్తాయి, గంగరావికి రావు. రావి ఆకు కొస సన్నగా, తోకలా సాగి ఉంటుంది కూడా. ఒక ఆకా, ఆకులోని పత్రకమా అన్న అనుమానం వస్తే మొగ్గ కోసం చూడాలి. మొగ్గ ఆకు తొడిమ మొదట్లో పుడుతుంది. పత్రకం మొదట్లో పుట్టదు. ఈ ఒక్క నియమం తెలిస్తే వేపరెమ్మ మొత్తం ఒకే ఆకని అర్థమవుతుంది. తురకవేపలో ఆ రెమ్మే మళ్లీ రెమ్మలుగా చీలిందని కూడా కనిపిస్తుంది.

అందుగ, గుంపెన జంట నాకు మరీ ఇష్టం. రెండూ ఎండు కొండల చెట్లే, రెండింటికీ ఆకు పత్రకాలుగా చీలే ఉంటుంది, వేసవిలో రెండూ మోడుగానే నిలబడతాయి. అందుగ పత్రకాల అంచుకు రంపపు పళ్లుంటాయి, గుంపెనకు ఉండవు. ఆకులేని కాలంలో ముక్కును నమ్ముకోవాలి. అందుగ బంకకు సాంబ్రాణి వాసన. ఫోను యాప్‌లు ఫొటో చూసి జవాబిస్తాయి, కొన్నిసార్లు చక్కగానే. అవి చిదిమి వాసన చూడలేవు, పాలు వచ్చాయా లేదా అని తుంచి చూడలేవు. చెట్టు వాగు ఒడ్డున ఉందా, రాతి కొండ మీద ఉందా అన్నది ఆకు ఫొటోలో పడదు. తెల్లమద్దిని పట్టించేది సగం ఆ చోటే. నున్నటి పాలిపోయిన మానుతో అది నీటి పక్కన నిలబడుతుంది.

పొరబడితే నష్టం ఎవరికి? మన వీధుల్లో గోడ వెంబడి నిటారుగా పెంచే చెట్టును అందరూ అశోక అంటారు. అది నరమామిడి. అసలైన అశోకానికి ఆకు పత్రకాలుగా చీలి ఉంటుంది, పూలు నారింజ, ఎరుపు గుత్తులు. స్త్రీల వ్యాధులకు ఆయుర్వేదం వాడేది ఈ అశోక పట్ట. దాని పేరుతో నరమామిడి పట్ట బజారులో చేరడం చాలాకాలంగా ఉన్నదే. ఎండిన పట్టకు ఆకూ పువ్వూ ఉండవు గనుక కొనే మనిషి పోల్చుకోలేడు. చెట్టు దగ్గర కోసినవాడికే ఆ తేడా తెలిసి ఉండాలి.

పుస్తకాల చదువు, అడవి చదువు వేర్వేరని అనుకోనక్కర్లేదు. 1781 నుంచి సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి మొక్కలను భారతీయ చిత్రకారులతో గీయించాడు. 1795లో వెలువడడం మొదలైన ఆయన కోరమాండల్ తీర మొక్కల గ్రంథంలో తెలుగు పేర్లు కనిపిస్తాయి. వృక్షశాస్త్రవేత్త గాంబుల్ మొదలుపెట్టగా 1915–1936 మధ్య వచ్చిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథంలోనూ అంతే. ఆ పేర్లు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం మనకు మిగల్లేదు. నేటి పరిశోధకులైనా తమకు చెట్టు చూపించిన చెంచు, కొండరెడ్డి పెద్దల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, తమ వ్యాసాల్లో రాయాలి.

ఇంత నేర్చినా ఓడించేవి మొలకలు. వాటికి బెరడుండదు, పువ్వుండదు, కాయుండదు. తొలి ఆకులు చాలాసార్లు తల్లిచెట్టు ఆకుల్లా ఉండవు. వాటిని నేర్చుకోవడానికి దారి ఒకటే. తెలిసిన చెట్టు కింద గింజ ఏరి, తొట్టిలో నాటి, ఆకు తర్వాత ఆకు వస్తుంటే చూస్తూ బొమ్మ గీసుకోవడం. తొలకరికి ముందు ఏరిన కానుగ గింజలతో మొదలుపెట్టవచ్చు, అవి తేలిగ్గా మొలుస్తాయి.