స్టార్టర్ డబ్బా మీది రెండు ముళ్లు

బోరు దగ్గర స్టార్టర్ డబ్బా మీద రెండు మీటర్లుంటాయి. ఒకటి వోల్టులు చూపిస్తుంది, ఇంకోటి ఆంపియర్లు. మడకశిర, అమరాపురం, రొళ్ల వైపు వక్కతోటో మల్బరీనో పెట్టిన రైతు మోటారు వేయగానే మొదట చూసేది వోల్టుల ముల్లునే. అది వాలిపోయి ఉంటే కరెంటోళ్లను నాలుగు మాటలంటాడు. రెండో ముల్లు జోలికి పోడు. నా మటుకు నాకు రెండో ముల్లే ముఖ్యం. రెండూ కలిపి లెక్కవేస్తే, ఎనిమిది వందల అడుగుల లోతున కంటికి ఆనని చోట ఏం జరుగుతోందో చాలావరకు తెలిసిపోతుంది.

2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. ఎన్ని వాట్లు కాలినా బిల్లు రాదు, ఇక లెక్కెందుకు అనిపించడం సహజం. కానీ మోటారు కాలితే పైకి లాగే ఖర్చు, వైండింగ్ ఖర్చు, ఆ వారం రోజులు నీళ్లందక వాడిన తోట, అన్నీ రైతు నెత్తినే.

ఏడున్నర హెచ్‌పీ మోటారు 415 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. త్రీఫేజ్ కాబట్టి ఆ రెంటినీ గుణించి, 1.732తోనూ, పవర్ ఫ్యాక్టర్ 0.8తోనూ మళ్లీ గుణించాలి. సుమారు 8,600 వాట్లు. హెచ్‌పీకి 746 చొప్పున పంపును తిప్పడానికి దక్కేది 5,600 వాట్లే. మిగతా మూడు వేలు దారిలోనూ మోటారులోనూ వేడిగా పోతాయి.

అందులో కేబుల్ వాటా ఎంత? 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌కు కిలోమీటరుకు దాదాపు 5 ఓమ్‌ల నిరోధం. ఎనిమిది వందల అడుగులంటే పావు కిలోమీటరు, అంటే ఒక్కో తీగకు 1.2 ఓమ్‌లు. ఆంపియర్లను వాటితోనే గుణించి, ఆపై నిరోధంతో గుణిస్తే తీగకు 270 వాట్లు, మూడు తీగలకు 810. ఒక హెచ్‌పీకి మించి కేబుల్‌కే సమర్పణ! వోల్టుల్లో చూస్తే, ఫేజుకూ ఫేజుకూ మధ్య 31 దారిలోనే పోతాయి. అదే 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ దించితే పోయేది 21. జర్మనీలో బడిపంతులుగా ఉన్న గేయార్గ్ సైమన్ ఓమ్ 1827లో పుస్తకం వేయకముందు చేసిన ప్రయోగాలూ ఇవే: తీగ పొడవు మార్చుతూ పోతే కరెంటు ఎంతెంత మారుతోందో కొలవడం. మన బోర్లకు ఇంతకంటే దగ్గరి శాస్త్రం నాకు తెలియదు. లైన్లో వచ్చే వోల్టేజీ మన చేతిలో లేదు, కేబుల్ మందం మన చేతిలోనే ఉంది. కొనేటప్పుడు కాస్త మిగులుతుందని సన్న కేబుల్ దించడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

వోల్టేజీ తగ్గితే మోటారు తక్కువ కరెంటు తీసుకుంటుందనుకుంటారు చాలామంది. ఫిలమెంటు బల్బుకైతే నిజమే. ఎత్తాల్సిన నీళ్లు అన్నే కాబట్టి మోటారు ఆ లోటును ఆంపియర్లలో పూడ్చుకుంటుంది. 415 కాస్తా 350 అయితే 15 ఆంపియర్లు 18 దగ్గరికి చేరతాయి. వైండింగ్‌లో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వోల్టులు బాగుండీ ఆంపియర్లు 15 నుంచి జారిపోతుంటే అది వేరే కబురు: బోరులో నీళ్లు తగ్గాయి. మోటారును చల్లబరిచేవి ఆ నీళ్లే, వెంటనే ఆపాలి.

వైండింగ్ షాపులో చూడాల్సింది ఇంకోటుంది. మోటారు నడుస్తున్నప్పుడు ఒక ఫేజుకు 240 వోల్టులు, 15 ఆంపియర్లు. భాగిస్తే 16 ఓమ్‌లు. అదే మోటారును బల్ల మీద పెట్టి మెకానిక్ మల్టీమీటర్ ఆనిస్తే రెండు మూడు ఓమ్‌లే. రెండూ తప్పు కావు. తిరుగుతున్న మోటారు తనలో తానే ఎదురు వోల్టేజీ పుట్టించుకుని వచ్చే కరెంటును అదుపులో పెడుతుంది. ఇసుక పట్టి బిగుసుకుంటే ఆ ఎదురు ఉండదు, కరెంటు ఐదారు రెట్లవుతుంది. ఒక ఫేజు పోయిందా, మిగిలిన రెంటి మీదే భారమంతా. "సింగిల్ ఫేజులో తిప్పినారన్నా. రెండు మాడినాయి, మూడోది బాగుంది, చూడు" అంటాడు మెకానిక్, విప్పిన కాయిళ్లు చూపిస్తూ. రెండు ఫేజుల తీగల మీద ప్లాస్టిక్ తొడుగు కరిగి నల్లగా అంటుకుపోయి ఉంటుంది. మూడోది కొత్తగా చుట్టినట్టే ఉంటుంది.

మోటారు మొదలయ్యే క్షణంలోనూ ఈ ఐదారు రెట్లే. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఫేజుకు ఇవ్వగలిగింది 35 ఆంపియర్లు. రెండు ఏడున్నర మోటార్లు నడిస్తే 30. బానే ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడు రెండు ఆటోస్టార్టర్లూ ఒకేసారి పడితే 150 దాటుతుంది. వోల్టేజీ కూలి, ఏ మోటారూ సరిగ్గా అందుకోక, ఇద్దరూ ట్రాన్స్‌ఫార్మర్ను తిడతారు. ఆటోస్టార్టర్లో టైమర్ ఉంటుంది. ఒకరు అర నిమిషం, ఇంకొకరు నిమిషన్నర ఆలస్యం పెట్టుకోవాలి. పక్కపక్క పొలాల వాళ్లు గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటే పైసా ఖర్చు లేకుండా అయిపోయే పని.