చల్లదనం కాదు, నిలకడ

ఏప్రిల్ వచ్చిందంటే మెకానిక్ షెడ్లలో ఒక సలహా తరచూ వినిపిస్తుంది. "థర్మోస్టాట్ తీసేద్దాం సార్. చలిదేశాల బండ్లకి కావాలిగానీ మన ఎండలకి అదెందుకు?" చెప్పేవాళ్లు చేయి తిరిగినవాళ్లే, బండి బాగుండాలనే చెబుతారు. అయినా ఆ సలహా తప్పని నా గట్టి నమ్మకం. ఎందుకో ఈ వారం చెప్తాను.

ఇంజిన్‌లో పెట్రోలు మండేటప్పుడు ఆ మంట వేడి 2,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగే లోహం. పోసిన పెట్రోలు శక్తిలో సుమారు మూడో వంతే బండిని నడిపే పనికొస్తుంది. మరో మూడో వంతు పొగతోపాటు సైలెన్సర్ గుండా పోతుంది. మిగిలిన వేడిలో ఎక్కువ భాగాన్ని క్షణం ఆగకుండా మోసుకెళ్లి గాలికి వదలాల్సింది కూలెంటే.

తొలి రోజుల్లో ఈ పని నీళ్లు మరిగి ఆవిరైపోవడం మీదే ఆధారపడేది. 1888లో బెర్తా బెంజ్ తన భర్త చేసిన మూడు చక్రాల బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ వెళ్లినప్పుడు దారి పొడవునా నీళ్లు పోసుకుంటూనే వెళ్లాల్సి వచ్చింది. 1901 నాటి మెర్సిడెస్‌కి విల్‌హెల్మ్ మేబాక్ 8,070 సన్నని గొట్టాలు పేర్చి రేడియేటర్ చేశాడు. అంత తక్కువ చోటులో గాలికి అంత ఎక్కువ లోహం తగిలేలా చేయడంతో, కొద్దిపాటి నీళ్లతోనే పెద్ద ఇంజిన్‌ని కాపాడటం వీలైంది.

చల్లబరిచే దారి దొరికాక, ఎంతవరకు చల్లబరచాలన్నది ప్రశ్న. దానికి జవాబే థర్మోస్టాట్. బండి మొత్తంలో నాకు ఎంతో ఇష్టమైన భాగం ఇది. లోపల చిన్న లోహపు గుళికలో మైనం ఉంటుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ వాల్వ్ మూసుకునే ఉంటుంది, వాటర్ పంపు తోసే కూలెంట్ ఇంజిన్ లోపలే తిరుగుతుంది. బండిని బట్టి 82 నుంచి 90 డిగ్రీల దగ్గర మైనం కరిగి, ఉబ్బి, వాల్వ్‌ని తెరుస్తుంది. అప్పుడు రేడియేటర్‌కి దారి ఏర్పడుతుంది. వేడి తగ్గితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. కరెంటు అక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు.

దీన్ని తీసేస్తే ఇంజిన్ వేడెక్కాల్సినంత త్వరగా వేడెక్కదు. పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక సిలిండర్ గోడలకు అంటుకుని, అక్కడి ఆయిల్ పొరను కడిగేస్తుంది. మండినప్పుడు పుట్టే తేమ ఆయిల్లోనే ఉండిపోయి మడ్డి పేరుకుంటుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ ఎక్కువ పెట్రోలు వదులుతుంది. మైలేజీ పడిపోతుంది, అరుగుదల పెరుగుతుంది. పైగా చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూనే, కూలెంట్ ఇంజిన్ లోపలే తిరిగే పక్కదారిని మూస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. ఎండకు భయపడి తీసేసిన భాగమే ఎండలో బండిని ఇంకా హీటెక్కించవచ్చన్నమాట.

మరి మేలో బండ్లు ఎందుకు ఆగిపోతాయి? లెక్క తేలిక. రేడియేటర్ ఎంత వేడిని వదలగలదన్నది కూలెంట్‌కీ గాలికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది. కూలెంట్ 95 డిగ్రీలు, జనవరి ఉదయం గాలి 20 డిగ్రీలు అయితే తేడా 75. రామగుండంలోనో రెంటచింతలలోనో గాలి 45కి చేరితే తేడా 50. రేడియేటర్ అదే అయినా దాని సత్తా మూడో వంతు తగ్గిపోయింది. ఇక నిండు లోడుతో శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి ఇంజిన్ శ్రమ ఎక్కువ, వేగం తక్కువ. తగిలే గాలి చాలక ఫ్యాన్ మీదే భారమంతా పడుతుంది. చలికాలం దాచిపెట్టిన చిన్న లోపాలన్నీ అక్కడ బయటపడతాయి: రేడియేటర్ రెక్కల మధ్య ఇరుక్కున్న దుమ్మూ పురుగులూ, వదులైన బెల్టు, ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల వల్ల గొట్టాల్లో కట్టిన సున్నపు పొర.

అందరూ చిన్నచూపు చూసే రేడియేటర్ మూతలో లోపం కూడా వీటిలో ఒకటి. ప్రెషర్ కుక్కర్‌లోలాగే ఆ మూత సుమారు ఒక బార్ ఒత్తిడిని అదనంగా నిలుపుతుంది. దానివల్ల నీళ్లు 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఉబ్బిన కూలెంట్‌ని అదే రిజర్వ్ బాటిల్‌లోకి వదులుతుంది, ఇంజిన్ చల్లారాక వెనక్కి రానిస్తుంది. రబ్బరు వాషర్ ఎండిపోయిన మూత ఈ పనులేవీ చేయలేదు. వేడి బండి మూత తీయకూడదనేదీ ఇందుకే. ఒత్తిడి పోయిన క్షణంలో లోపలి నీరు భగ్గున ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది.

నేను ఉదయం బండి తీసేముందు బానెట్ ఎత్తి, బాటిల్‌లో కూలెంట్ రెండు గీతల మధ్య ఉందో లేదో చూస్తాను. వాటర్ పంపు కింద తడి ఉందేమో చూస్తాను. హోస్ పైపులు నొక్కి చూస్తాను. తగ్గితే బోరు నీళ్లు పోయను, కంపెనీ చెప్పిన కూలెంట్‌నే డిస్టిల్డ్ వాటర్‌తో చెప్పిన పాళ్లలో కలిపి పోస్తాను. నిమిషం పట్టే ఈ పని హెడ్ వంగిపోకుండా, గాస్కెట్ కాలిపోకుండా కాపాడుతుంది.

బండి హీటెక్కితే ముందు ఇవన్నీ చూడమని మెకానిక్‌ని అడగండి. అప్పటికీ థర్మోస్టాట్ మీదే అనుమానం ఉంటే, విప్పించి గిన్నెడు నీళ్లలో వేసి, పొయ్యి మీద కాచి, థర్మామీటర్‌తో చూడండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర తెరుచుకోకపోతే కొత్తది వేయించండి. తెరుచుకుంటే మాత్రం దాని చోట దాన్ని ఉండనివ్వండి.